మా అన్నయ్య జీపు ఫైలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17వ తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కారణంగా మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాము. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని ఆ తీర్పు తేల్చింది. దాని గురించి నాకన్న బాగా చెప్పగల పెద్దలు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "డి.ఏ.లు, పి.ఆర్.సి.లు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు వేరే ఏదైనా మాట్లాడండి" అన్నారు. నాకు తెలిసిన వేరే విషయం ఒకటే, పాత జీపు. కాబట్టి దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను ఒక ఇంజనీరింగు శాఖలో గుమాస్తాగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో చాలా ఏళ్ళు నా సీటుకు వాహనాల ఫైళ్ళు ఉండేవి. లాగ్ బుక్కు, డీజిలు బిల్లులు, టైర్ల ఇండెంట్లు, చివరికి కండెమ్నేషను, వేలం. జీపు పుట్టుక నుంచి చావు వరకు కాగితం మీద చూసినవాణ్ణి. దాని కింద పడుకొని చూసింది మాత్రం 73వ ఏట, 2023లో.

ఆ జీపు మా అన్నయ్యది. నంద్యాలకు దగ్గరలో మా ఊరు. అంతా నల్లరేగడి. వానాకాలం వచ్చిందంటే ఆ మట్టి బండి చక్రాన్ని పట్టుకొని వదలదు. పొలానికీ ఊరికీ మధ్య ఒక వాగు. అందుకని అన్నయ్య 1991లో మహీంద్రా డీజిలు జీపు కొన్నాడు. గేరు రాడ్డు పక్కన మరి రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి లాగితే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం వెళుతుంది. రెండవది లాగితే వేగం తగ్గి, లాగే శక్తి పెరుగుతుంది. ఎరువుల బస్తాలు, మోటారు పంపు, విత్తనాలు, ఒక్కోసారి పురిటి నొప్పుల మనిషి, అన్నీ ఆ జీపులోనే వాగు దాటాయి. పండగొస్తే అదే జీపు కడిగి, బొట్టు పెట్టి, పిల్లల నెక్కించుకొని మహానందికో యాగంటికో బయలుదేరేది.

2020లో అన్నయ్య కాలం చేశాడు. జీపు వాకిట్లో వేపచెట్టు కింద నిలబడిపోయింది. 2021లో దాని రిజిస్ట్రేషను గడువు కూడా తీరిపోయింది. అన్నయ్యకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఊళ్ళో సేద్యం చేస్తాడు. చిన్నవాడికి బెంగుళూరులో ఉద్యోగం. జీపు ఉంచాలని పెద్దవాడు, తుక్కు కింద అమ్మేయాలని చిన్నవాడు. తుక్కువాడు 42,000 ఇస్తానన్నాడు. మాటా మాటా పెరిగి అన్నదమ్ములు మాట్లాడుకోవడమే మానేశారు. సంక్రాంతికి చిన్నవాడు ఊరికి రాలేదు. మా వదిన నాకు ఫోను చేసి, "మీ అన్న ఉన్నన్నాళ్ళూ అది ఒక్కరోజు మూలన పడలేదు అబ్బీ. ఉంచుతారో అమ్ముతారో నువ్వే తేల్చు. వాకిట్లో దాన్ని అట్ల చూడలేకపోతున్నా" అన్నది. తేల్చవలసింది జీపు సంగతి ఒక్కటే కాదని నాకు అర్థమయింది.

గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు ఒక ఫైలు తెరిచాను. మొదటి కాగితం చట్టం సంగతి. పదిహేనేళ్ళు దాటిన బండి ఏదైనా తుక్కే అని చిన్నవాడు వాదించాడు. చాలామంది అలాగే అనుకుంటున్నారు కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషను రెన్యువలు చేయకూడదనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఢిల్లీ చుట్టుపక్కల పాత డీజిలు, పెట్రోలు బండ్ల మీద 2015లో ట్రిబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు ఆ ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర సొంత బండికి 15 ఏళ్ళు నిండితే తనిఖీ చేయించి, 5 ఏళ్ళకొకసారి రెన్యువలు చేయించుకోవచ్చు. కాకపోతే ఫీజు బరువు. కారు తరగతికి 600 ఉన్న ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన వాటికి 10,000 చేశారు. చూశారా మిత్రులారా, మనకు 15 ఏళ్ళు నిండితే కమ్యుటేషను తిరిగి వస్తుంది, 70 దాటితే అదనపు పెన్షను వస్తుంది. బండికి మాత్రం వయసు పెరిగినకొద్దీ చెల్లింపే. నాకు కమ్యుటేషను పునరుద్ధరణ అయిన సంవత్సరమే జీపు ఖర్చు వచ్చిపడింది. భగవంతుడు లెక్క తప్పడు.

రెండవ కాగితం ఎస్టిమేటు. నంద్యాలలో ఒక ముసలి మేస్త్రిని తీసుకొచ్చాను. ఆయన వయసు నా వయసే. జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరును కాలితో తన్ని, "సారూ, బండి చెడిపోలేదు. నిలబడిపోయింది. నిలబడడమే దీనికి జబ్బు" అన్నాడు. లెక్క ఇలా తేలింది. డీజిలు ట్యాంకు, ఫిల్టర్లు, పంపు, నాజిళ్ళు 14,500. బ్రేకులు 6,800. రేడియేటరు 3,200. బ్యాటరీ, వైరింగు 11,400. కమాన్లు, బుష్షులు, క్రాసులు, స్టీరింగు పనులు 9,600. టైర్లు 22,000. మేస్త్రి కూలి 12,000. మొత్తం 79,500 రూపాయలు. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు వేరు.

ఫోనులో చదివి వినిపించగానే చిన్నవాడు, "చిన్నాయనా, అమ్మితే వచ్చేదానికి దాదాపు రెండింతలు పెట్టి రిపేరు చేయించేది ఎందుకు? నాయన మీద నాకు మాత్రం ప్రేమ లేదా?" అన్నాడు. వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రేమ మీద ఎస్టిమేటు మంజూరు చేయకూడదు. అందుకని మూడవ కాగితం రాశాను. జీపు నిలబడిన తర్వాత పెద్దవాడు ఒక ఏడాదిలో ఆటోలకు, ట్రాక్టరు బాడుగలకు ఇచ్చింది ఎంతో వాడి నోటుపుస్తకం చూసి కూడాను. 31,000 తేలింది. అంటే డీజిలు పోను కూడా మూడు నాలుగేళ్ళలో రిపేరు ఖర్చు తీరుతుంది. బండికి పని ఉంది. పని ఉన్న వస్తువును తుక్కుకు వేయడం నష్టం. పని లేని వస్తువును వాకిట్లో ఉంచుకోవడం కూడా నష్టమే. ఈ మాట చెబితే వాడు వెంటనే ఒప్పుకోలేదు గాని, "మే నెలలో వస్తా, చూద్దాం" అన్నాడు.

ఇక రిపేరు సంగతి. మూడేళ్ళు నిలిచిన డీజిలు ట్యాంకులో నీరు అడుక్కు చేరుతుంది, తుప్పు పడుతుంది. ట్యాంకు దింపి చూస్తే అడుగున చింతపండు పులుసులాగా మడ్డి. దాన్ని కడిగి, ఫిల్టర్లు మార్చి, నాజిళ్ళు విప్పి నంద్యాల పంపు షాపుకు పంపించాము. వైర్లు ఎలుకలు కొరికేశాయి. రేడియేటరు గొట్టాలలో పొడుచుకున్న మట్టి తీయించి, కారుతున్న చోట టంకం వేయించాము. కమాన్ల బుష్షులు అరిగి అప్పడాలయ్యాయి. స్టీరింగు సగం చుట్టు తిప్పితే గాని చక్రం కదలదు. మేస్త్రి కింద పడుకొని చెయ్యి చాపితే పెద్దవాడు పానా అందించేవాడు. నేను విప్పిన ప్రతి నట్టును డబ్బాలో వేసి, ఏ డబ్బా దేనిదో చీటీ అంటించేవాణ్ణి. "సారు చీటీలు లేకపోతే ఇంకో నెల పట్టేది" అని మేస్త్రి అన్నాడు. నా సర్వీసులో ఏ అధికారీ ఇంత మంచి సి.ఆర్. రాయలేదు.

చిన్నవాడు మే నెలలో వచ్చేసరికి బ్రేకుల పని మిగిలింది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే లోపలి సిలిండర్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వాటిని శుభ్రం చేసి కొత్త రబ్బరు కప్పులు వేశాక, గొట్టాలలోని గాలి తీయాలి. గాలి మిగిలితే పెడలు మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నిపిలు వదులు చేసి, గాలి బుడగ పోగానే బిగించాలి. అప్పుడు గాని పెడలు వదలకూడదు. ముందుగా బ్రేకు సిలిండరుకు అన్నిటికన్న దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రం, అక్కడి నుంచి దగ్గరకు రావాలి. మేస్త్రికి ఆ రోజు జ్వరం. సీట్లో చిన్నవాడు కూర్చున్నాడు. చక్రం దగ్గర పెద్దవాడు కూర్చున్నాడు. ఆరు నెలలుగా మాటలు లేని అన్నదమ్ములు. "తొక్కు." "తొక్కినా." "పట్టు." "పట్టినా." "వదులు." గంటన్నర సేపు ఇవే మాటలు. నాలుగవ చక్రానికి వచ్చేసరికి, "ఒరే, నాయన తొక్కినట్లు గట్టిగా తొక్కురా" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు నవ్వాడు. వదిన మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. నేను కూడా ఏమీ అనలేదు. ఫైలులో అన్నీ రాయకూడదు.

మధ్యాహ్నాలు వేపచెట్టు కింద కూర్చుంటే మాటలన్నీ పాత కార్ల మీదికి పోయేవి. మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. 1978లో మా ఉమ్మడి కుటుంబం బాడుగ అంబాసడరులో తిరుపతి వెళ్ళాము. పెద్దలు ఆరుగురం, పిల్లలు నలుగురు, డ్రైవరు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు ఒకే బల్ల. డ్రైవరుతో కలిపి నలుగురు కూర్చునేవాళ్ళం. ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప, రాజంపేట, కోడూరు, రేణిగుంట. పులిహోర మూటలు, మంచినీళ్ళ మరచెంబు, వక్కాకు సంచి. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డుకు తోడు రెండవ ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. ఎండన పడి ఘాట్ ఎక్కితే ఆ రోజుల్లో ఏ కారైనా నీళ్ళు అడిగేది. బండి ఆపగానే ఎవరి పని వాళ్ళకు ఉండేది. వెనక చక్రం కింద రాయి పెట్టడం మా తమ్ముడిది. బిందెతో నీళ్ళు తేవడం మా అన్నయ్యది. తడిగుడ్డతో రేడియేటరు మూత నెమ్మదిగా తీయడం డ్రైవరుది. "దగ్గరికి పోవద్దు" అని పిల్లల్ని వెనక్కి లాగడం మా అమ్మది. గోవిందనామం అందరిదీ.

1983లో మా బావమరిది ఫియట్‌లో శ్రీశైలం వెళ్ళాము. దాని పేరు అప్పటికే ప్రీమియర్ పద్మినిగా మారినా అందరం ఫియట్ అనే అనేవాళ్ళం. ఆ ఏడాది డిసెంబరులోనే మొదటి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ గారు అందజేశారు. పాతికేళ్ళ తర్వాత, నేను రిటైరయినప్పుడు, గ్రాట్యుటీలో కొంత తీసి నేను కూడా సెకండుహ్యాండు మారుతి 800 కొన్నాను. మా శ్రీమతి దానిలో మొదటిసారి ముందు సీట్లో కూర్చుని, "ఇన్నేళ్ళూ వెనకాల పిల్లల్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నా, రోడ్డు ఇట్ల ఉంటుందని ఇప్పుడు తెలిసింది" అన్నది. ఆ మాట నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

ఈ కార్లన్నీ వెళ్ళిపోయాయి. 2014 జనవరిలో మారుతి 800, అదే ఏడాది మే నెలలో ఉత్తరపాడాలో అంబాసడరు తయారీ ఆగిపోయాయి. బొంబాయిలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. అవి పోయినందుకు నేను కన్నీరు పెట్టుకోవడం లేదు. ఈనాటి కార్లు భద్రమైనవి, చల్లనివి. హైదరాబాదులో మా అబ్బాయి కారు ఎక్కితే ఘాట్ ఎక్కినట్లే తెలియదు. కాకపోతే ఆ కారులో ఎవరికీ పని లేదు. పిల్లలు ఫోను చూస్తారు, నేను కిటికీ చూస్తాను. దీపం వెలిగితే కంపెనీ వాళ్ళకు ఫోను చేస్తారు. పాత బండ్లు ప్రయాణంలో ప్రతి ఒక్కరికీ ఒక పని ఇచ్చేవి. పని పంచుకున్నవాళ్ళకు చెప్పుకోవడానికి కథ మిగులుతుంది. మా అన్న కొడుకులిద్దరికీ జీపు గురించి అంత పట్టింపు ఎందుకంటే, చిన్నప్పుడు ఒకడు చక్రానికి రాయి పెట్టాడు, ఒకడు నీళ్ళు మోశాడు. అమ్మాలన్నవాడూ, ఉంచాలన్నవాడూ తండ్రినే తలుచుకుంటున్నారు.

జూన్ మొదటి వారంలో ఇంజను స్టార్టు చేశాము. డీజిలు గొట్టంలో గాలి చేరితే ఇంజను అందుకోదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి శుభ్రమైన డీజిలు వచ్చేదాకా చేతిపంపు కొట్టాలి. అది కొట్టిన తర్వాత హీటరు వేసి, కొంచెం ఆగి, మేస్త్రి సెల్ఫ్ కొట్టాడు. మూడవసారికి అందుకుంది. వాకిలంతా పొగ. వేపచెట్టు మీది కాకులన్నీ లేచాయి. వదిన కొబ్బరికాయ పట్టుకొని బయటికి వచ్చింది.

తర్వాత కాగితాల పని. తనిఖీ, ఇన్సూరెన్సు, ఆలస్య రుసుము, రెన్యువలు. అన్నిటికన్న ముందు అన్నయ్య పేరు మీదున్న బండిని వారసుల పేరుకు మార్చాలి. దానికి మిగతా వారసుల అంగీకారపత్రం కావాలి. చిన్నవాడు సంతకం పెట్టాడు. పెడుతూ, "చిన్నాయనా, వానాకాలం అన్న పని అన్న చేసుకుంటాడు. దసరాకు మాత్రం బండి నాది. పిల్లల్ని అహోబిలం తీసుకుపోవాలి" అని షరతు రాయించాడు. ఆ షరతు కూడా ఫైలులో పెట్టాను.

మిత్రులారా, ఈ అనుభవం నుంచి మీకు ఉపయోగపడేవి మూడు విషయాలు మనవి చేస్తాను.

ఒకటి. మీ పేరున కారు గాని స్కూటరు గాని ఉంటే, పెన్షనుకు నామినేషను వేసినట్లే ఆర్.సి.లో కూడా నామినీ పేరు చేర్పించండి. 2021 నుంచి ఆ వీలు కల్పించారు. నామినేషను ఉన్నా లేకపోయినా, యజమాని మరణించిన 30 రోజులలోగా వారసులు రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలలలోగా ఫారం 31లో దరఖాస్తు చేసుకోవాలి. దుఃఖంలో ఉన్న పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు. మనమే ఇప్పుడు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి.

రెండు. పాత బండి ఉంచాలా అమ్మాలా అని తగువు వస్తే, ముందు దానికి పని ఉందా అని చూడండి. పని ఉంటే లెక్క వేయండి. లేకపోతే చట్టప్రకారం తుక్కుకు ఇచ్చి, ఆర్.సి. రద్దు చేయించుకోండి. ఆర్.సి. రద్దు కాని బండి మన పేరు మీద ఎక్కడ తిరిగినా బాధ్యత మన మెడకే చుట్టుకుంటుంది.

మూడు. నిలబెట్టిన బండిని పదిహేను రోజులకొకసారైనా నాలుగు మైళ్ళు తిప్పండి. మేస్త్రి చెప్పిన జబ్బు మనుషులకు కూడా ఉంది. ఈ సభకు రాలేక ఇంట్లో ఉండిపోయిన మన సభ్యులు కొందరున్నారు. వారిని వారానికొకసారి వెళ్ళి పలకరించి, రెండు వీధులు నడిపించి తీసుకురావడం మన సంఘం చేయదగిన పని అని నా అభిప్రాయం. కార్యవర్గం వారు పేర్ల జాబితా తయారుచేస్తే, మా వీధి నాకు వేయండి.